వెంట్రుకవాసి దూరంలో

టామ్‌వర్త్,
మార్చి 6, 1932

ప్రియమైన చెల్లి హిల్డాకి,

మీ ఆయన క్షేమంగా చేరాడు. సరకు రైల్లో గొర్రెల పెట్టెలో వచ్చాడు కాబట్టి మొదటి రెండు రోజులూ గుడారంలో ఎవరూ ఆయన పక్కన పడుకోలేదు. నేను పడుకున్నాను. బావ కదా, తప్పుతుందా.

మా బాక్సింగ్ గుడారం యజమాని ముసలి స్పార్గో ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఇతనా కేరింగ్టన్ సమ్మెట అని పేరుపడ్డవాడు? ఐదేళ్ల క్రితం రింగులో చూసినప్పుడు ఇంతకి రెండింతలుండేవాడే. మిగతా సగం ఏదోయ్ పెర్సీ?" అన్నాడు. "వెనక బండిలో వస్తోందండీ" అన్నాను. బావ నవ్వలేదు. నవ్వే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. మొదటి రోజు ఒక గొర్రెల కాపరి కుర్రాడితో మూడు రౌండ్లు ఆడి, కిందికి దిగి, నీళ్ల పీపా మీద కూర్చున్నవాడు చాలాసేపటిదాకా లేవలేదు. గెలిచాడులే. కానీ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే గెలిచినవాడెవరో చెప్పడం కష్టం.

గుడారంలో నీ పనేమిటన్నయ్యా అని నువ్వు అడుగుతూనే ఉన్నావు, నేను తప్పించుకుంటూనే ఉన్నాను. అమ్మయితే నేను టికెట్లు చింపుతాననుకుంటూనే కన్నుమూసింది. ఎలాగూ బావ చెప్పేస్తాడు కనక నేనే చెబుతున్నా. గుడారం ముందు పలకల వేదిక ఉంటుంది. దాని మీద మావాళ్లు వరసగా చేతులు కట్టుకుని నిలబడతారు. డోలు మోగుతుంది. "మావాళ్ల ముందు మూడు రౌండ్లు నిలబడే మగాడు ఈ ఊళ్లో ఉన్నాడా" అని స్పార్గో గొంతు చించుకుంటాడు. ఊళ్లో నాలుగు గుక్కలు తాగినవాడుంటే వస్తాడు. ఈ ఏడు తాగడానికి ఎవడి దగ్గరా చిల్లర లేదు, అందుకని ఎవడూ రావడం లేదు. అప్పుడు జనంలోంచి నేనొస్తాను. ఒక ఊళ్లో ఉన్ని కత్తిరించేవాణ్ణి, ఇంకో ఊళ్లో రొట్టెల బట్టీ వాణ్ణి. "ఆ ముసలి గుర్రాన్ని ఇటు తోలండి, మా కుక్కలు పస్తులున్నాయి" అని బావని తిడతాను. "నీలాంటి పిండి ముద్దని కొట్టాలంటే గ్లోవులెందుకు, అట్లకాడ తెండి" అని బావ తిట్టాలి. ఆ తిట్లకే జనం టికెట్లు కొంటారు.

లోపల ఇంకో నాటకం. నా కుడి పిడికిలి గుడారాన్ని ఎగరగొట్టేలా బయల్దేరి, బావ ఎడమ దవడకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే దెబ్బ చప్పుడొచ్చేలా కాలితో రింగు పలకని టప్పుమనిపిస్తాను. ఆయన తల విదిలించి తూలాలి. మూడో రౌండులో నేను పడిపోతాను. ఇరవై ఏళ్లుగా పడుతున్నాను, నాకన్నా అందంగా పడేవాడు ఈ దేశంలో లేడు. బావకింకా పట్టుబడలేదు, నా చెయ్యి లేవగానే తప్పుకుంటున్నాడు. "ఆపుతానయ్యా, కదలకు" అంటే, "ఒళ్లు మాట వినట్లేదు పెర్సీ" అంటాడు. వింటుందిలే.

పిల్లలకి ముద్దులు. నీకు మొట్టికాయ.

నీ పనికిమాలిన అన్న,
పెర్సీ

*

ఇసుక దిబ్బల శిబిరం, న్యూకాజిల్,
మార్చి 15

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం పైకి చదవడం నాది పొరపాటు. థెల్మా, రాయ్ పొద్దున లేస్తే ముసలి గుర్రం, పిండి ముద్ద అని తిట్టుకుంటూ ఇసుకలో పడిపోతున్నారు. రాయ్ నీ అంత బాగానూ పడుతున్నాడు. మొన్న గాలికి మన గుడిసె కప్పు మీది కిరసనాయిలు డబ్బా రేకు ఒకటి లేచిపోయి పక్కవాళ్ల పొయ్యి మీద పడింది. వాళ్లు దాన్ని మూతగా వాడుకుంటున్నారు. అడగడానికి మొహమాటంగా ఉంది.

ఒక సంగతి నీకే చెబుతున్నాను. ఆయన దగ్గర ఎత్తకు. ఐదేళ్ల క్రితం ఆయన ఆఖరి పోటీలో ఎడమ కన్ను మూసుకుపోయింది కదా. ఇంకో గట్టి దెబ్బ తగిలితే ఆ చూపు పోతుందని డాక్టరు నాతో వరండాలో చెప్పాడు. అందుకే మాన్పించాను. గనులూ రేవూ మూతపడకపోతే మళ్లీ గ్లోవుల పేరెత్తనిచ్చేదాన్ని కాదు.

ఆయన బయల్దేరే ముందు కొన్ని చూశాను. టీ పోయమంటే సగం కప్పుకి పక్కన పోశాడు. గుమ్మానికి భుజం తగిలించుకున్నాడు. బల్ల మీంచి లేచి గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏమైందంటే, "ఏం లేదు, కాస్త చీకట్లు కమ్మాయి" అన్నాడు. రాత్రిళ్లు మాతో భోజనానికి కూర్చోవడం మానేశాడు. పని వెతుక్కుంటూ వెళితే రేవులో ఎవరో పెట్టారు, తిన్నానంటాడు. నా ఎదుట చెంచా తడుముకోవాల్సి వస్తుందని భయం కాబోలు. ఆ కన్ను పోతోందన్నయ్యా. నువ్వు రోజూ ఎదురుగా నిలబడతావు. కాస్త కనిపెట్టి చూడు.

నీ మొట్టికాయ అందుకున్న చెల్లి,
హిల్డా

*

గ్లెన్ ఇన్నెస్,
మార్చి 28

ప్రియమైన హిల్డాకి,

కనిపెట్టి చూశాను. ఎడమ పక్కగా వెళ్లి బావ చెవి దగ్గర నోరంతా తెరిచి ఆవులించాను. తిరగలేదు. కుడి పక్కకి వెళ్లి ఆవులించాను. అటూ తిరగలేదు. కళ్లు కనబడట్లేదో, నేనంటే విసుగొచ్చిందో తేల్చుకోలేకపోయాను. మర్నాడు ఆయన ఎడమ బూటు పక్కన నీళ్ల బకెట్ పెట్టాను. నిద్రమొహంతో లేచి కాలు నేరుగా అందులో పెట్టాడు. అయితే డోలు వాయించే వాట్కిన్ కూడా అందులోనే పెట్టాడు, వాడికి రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. ఇద్దరూ కలిసి నన్ను వాగులో ముంచారు.

ఒంటి సంగతి చెప్పాలంటే, మీ ఆయన ఆ గొర్రెల పెట్టెలో వచ్చిన మనిషి కాడు. ఇక్కడ కూలి తక్కువ గానీ రెండు పూటలా మాంసం పెడతారు. మొదటి వారం పళ్లెం ఖాళీ చేసి ఇంకొంచెం అని అడగడానికి సిగ్గుపడేవాడు. ఇప్పుడు వంటవాడే గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టి పారిపోతున్నాడు. ఆర్మిడేల్లో ఒక కమ్మరివాణ్ణి రెండో రౌండులో కూర్చోబెట్టాడు. నాటకం కాదు, నిజంగానే. స్పార్గో నోరు తెరిచి మూయలేదు.

నాతో ఆడేటప్పుడు మాత్రం నీ మాట నిజమేమోననిపిస్తోంది. ఇప్పుడు నా పిడికిలి వచ్చి దవడ దగ్గర ఆగినా రెప్ప కూడా వెయ్యడు. పోయిన వారమే, పని నేర్చుకున్నావయ్యా అని మెచ్చుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక ఆ మెచ్చుకోలు నాకే చేదుగా తగులుతోంది.

ఇంకోటి. బ్రిస్బేన్‌లో పెద్ద పోటీలు కుదిర్చే ఫెనెల్ అనే ఆయన టూవూంబా పశువుల సంతకి వచ్చి బావని చూస్తాడట. నచ్చితే పన్నెండు రౌండ్ల పోటీ, ఎదురుగా ఇరవై రెండేళ్ల కుర్రాడు. బావ ఈ కబురు విన్నప్పట్నుంచీ పొద్దున్నే లేచి రోడ్డు వెంట పరుగెడుతున్నాడు. మొహంలో వెలుగొచ్చింది. నాకు మాత్రం ఆకలి మందగించింది.

వాగులో తడిసిన అన్న,
పెర్సీ

*

ఇసుక దిబ్బల శిబిరం,
ఏప్రిల్ 8

ప్రియమైన అన్నయ్యకి,

ఆ పోటీ జరగకూడదు.

మన శిబిరంలో టెడ్ ప్యాస్కో ఉన్నాడు. నీకు గుర్తుండే ఉంటాడు, ఒకప్పుడు బాక్సింగ్ పోటీలంటే ఈ తీరమంతా అతని బొమ్మలే అంటించేవాళ్లు. ఇప్పుడు చూపు లేదు, రేషన్ లైనుకి వాళ్లావిడ చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తుంది. ఆమెని చూడగానే అందరూ జరిగి ముందు చోటిస్తారు. నిన్న ఆమె వెనక నిలబడ్డాను. నాకా చోటు వద్దన్నయ్యా. ఎంత వెనకైనా సరే, నా వంతు వచ్చేదాకా నిలబడతాను.

ఆయన కూడా ఉత్తరం రాశాడు. వాక్యానికొకసారి బ్రిస్బేన్ అని ఉంది. అద్దె ఇల్లు తీసుకుందాం, థెల్మాకి బూట్లు కొందాం అని ఉంది. అది చదివి వద్దని నేను రాయలేను. రాసినా వినడు. కన్ను గురించి అడిగితే లేచి పోతాడు.

నువ్వే ఏదో ఒకటి చెయ్యి. చిన్నప్పట్నుంచీ ఊరికే ఎంతమందిని ఏడిపించావు. ఒక్కసారి పనికొచ్చే అల్లరి చెయ్యి. నేను అడిగానని మాత్రం ఆయనకి తెలియకూడదు. తెలిస్తే నన్ను కొట్టడు, తిట్టడు. ఊరుకుంటాడు. అది భరించలేను.

నీ మీదే ఆశ పెట్టుకున్న,
హిల్డా

*

టూవూంబా,
ఏప్రిల్ 25

హిల్డా,

చేసేశాను.

సంతలో వానపడి జనం పల్చగా ఉన్నారు. ఫెనెల్ ముందు వరసలో కూర్చుని నారింజ ఒలుచుకుంటున్నాడు. ముందు నేను ఆడి పడిపోవాలి, ఆ తర్వాత ఇద్దరు నిజమైన మొనగాళ్లతో బావ తన సత్తా చూపించాలి. అదీ స్పార్గో ఏర్పాటు. నేను ఆ పూట రొట్టెలవాణ్ణి. వేదిక దగ్గర ఎప్పటిలాగే తిట్టుకున్నాం. బావ మంచి హుషారు మీదున్నాడు. "ఏమోయ్ పిండి ముద్దా, ఇవాళ నిన్ను కాల్చి జాము రాసుకుంటా" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను.

రెండు రౌండ్లు ఎప్పటిలాగే గడిచాయి. నేను ఒకటే అనుకున్నాను. ఈసారి పిడికిలి ఆపను. చూపుంటే ఆఖరి క్షణంలోనైనా తప్పుకుంటాడు, తప్పుకుంటే నీ భయం ఉత్తదే, బ్రిస్బేన్ వెళ్లనిద్దాం. తప్పుకోకపోతే ఇంటికి పంపేద్దాం. కంటి జోలికి పోను, దవడకే.

మూడో రౌండులో కొట్టాను. తప్పుకోలేదు హిల్డా. రెప్ప కదల్లేదు. చెయ్యి ఎత్తలేదు. అంత దగ్గరకొచ్చిన నిజం దెబ్బని కళ్లున్నవాడెవడైనా చూసి తీరాలి. ఎముక చప్పుడు నా మోచేతిదాకా వచ్చింది.

స్పార్గో పది అంకెలు లెక్కపెడుతూ ఒక్కో అంకెకీ నా మొహం చూశాడు. టూవూంబా వాళ్లు నన్ను తమ ఊరివాడే అనుకుని భుజాల మీదికెత్తుకున్నారు. గుడారంలో ఇరవై ఏళ్లలో మొదటిసారి గెలిచాను. దించండ్రా అని తిట్టినా దించలేదు. వాళ్లకీ ఈ మధ్య ఊరేగించడానికి ఎవరూ దొరికినట్టు లేదు. పై నుంచి చూస్తే ఫెనెల్ తొక్కలు కింద పడేసి లేస్తున్నాడు. "రొట్టెలవాడి చేతిలో పడిపోయేవాణ్ణి నేనేం చేసుకోనయ్యా" అని స్పార్గోతో అని, మా గుడారంలోనే ఇంకో కుర్రాణ్ణి మాట్లాడుకుని వెళ్లిపోయాడు.

బావకి తెలివొచ్చాక మాట్లాడబోతే దవడ కదల్లేదు. నా వీపు మీద రెండుసార్లు తట్టాడు. తట్టాల్సింది నేను కదా, ఆయనెందుకు తట్టాడో అర్థం కాలేదు. గుడ్డ కట్టి రైలెక్కించాను. ఈసారి మనుషుల పెట్టెలోనే.

నువ్వు అన్నది నిజమే, ఆ కన్ను పోయింది. మిగిలింది కాపాడుకో. నాకు ఇవాళ హాస్యం రావడం లేదు.

పెర్సీ

*

ఇసుక దిబ్బల శిబిరం,
మే 12

ప్రియమైన అన్నయ్యకి,

నీకెలా రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను.

దవడ చూపించడానికి ధర్మాసుపత్రికి తీసుకెళ్లాను. విరగలేదు, చిట్లింది, మెత్తటివి తింటే ఆరు వారాల్లో అతుక్కుంటుందన్నాడు డాక్టరు. పాత డాక్టరు కాదు, ఎవరో కుర్రాడు. పనిలో పనిగా ఆ కన్ను కూడా చూడండి అన్నాను. ఒక కన్ను మూసి, ఇంకోటి మూసి, గోడ మీద అక్షరాలు చదివించాడు. ఆయన దవడ కట్టులోంచే అట్టడుగు వరస దాకా గొణిగాడు. దీపం పెట్టి లోపలికి చూశాడు. "గాయం ఎప్పుడో మానింది, రెండు కళ్లూ నా కళ్లకన్నా బాగున్నాయి" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. టీ సంగతి, గుమ్మం సంగతి, చీకట్లు కమ్మడం అన్నీ చెప్పాను. డాక్టరు ఆయన వైపు తిరిగి, "అప్పట్లో రోజుకి ఎన్ని పూటలు తినేవాడివి?" అని అడిగాడు. ఆయన నేల చూస్తూ, "పిల్లలు తినేవాళ్లు" అన్నాడు.

రేవులో ఎవరూ ఏమీ పెట్టలేదన్నయ్యా. నేను కళ్లెదుట ఆకలిని పెట్టుకుని గుడ్డితనం అనుకున్నాను.

తిరిగి వస్తూ దారిలో అడిగాను. "పెర్సీ కొట్టింది నీకు కనబడిందా?"

"కనబడకేం, భుజం కదిలినప్పుడే చూశాను."

"మరి తప్పుకోలేదేం?"

నేనేదో వింత ప్రశ్న వేసినట్టు నా మొహంలోకి చూశాడు. "పెర్సీ కదా, ఆపుతాడు" అన్నాడు. కాస్త దూరం నడిచాక తనే, "వాన నీళ్లకి పలకలు తడిశాయి, కాలు జారి ఉంటుంది. వయసు మీద పడుతోంది పాపం. మనసులో పెట్టుకోవద్దని ఉత్తరం రాయి" అన్నాడు. రాస్తానన్నాను. రాస్తున్నాను.

నిజం ఆయనకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఇలాంటివి చేసి నువ్వు చెప్పకుండా ఉండలేవని తెలుసు, అయినా ఉండు. అది నీకూ నాకూ వేసుకున్న శిక్ష. ఇప్పుడు ఆయన తినేటప్పుడు ఎదురుగా కూర్చుంటున్నాను. గంజి గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవను. ఎందుకలా చూస్తావని విసుక్కుంటాడు, తాగుతాడు.

నిన్న చేప చుట్టి తెచ్చిన పేపర్లో, మీ గుడారంలోంచి ఫెనెల్ తీసుకెళ్లిన ఆ కుర్రాడి పోటీ సంగతి పడింది. నాలుగో రౌండులోనే ఓడిపోయాడట. ఫెనెల్ మళ్లీ మనుషుల కోసం వెతుకుతున్నాడని కింద సన్న అక్షరాల్లో ఉంటే ఆయనే చదివి వినిపించాడు. ఈ పొద్దున్నుంచి ఇసుకలో పరుగెత్తడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు. వద్దనే హక్కు వాడేసుకున్నాను.

జూన్ నెలాఖరులో రాక్‌హాంప్టన్ సంతకి మీ గుడారం వస్తుందట కదా, అక్కడికి వచ్చి కలుస్తాడట. ఫెనెల్ అక్కడికి చూడ్డానికి వచ్చినప్పుడు తనకి ఎదురుగా మళ్లీ నువ్వే నిలబడాలంటున్నాడు. వేరేవాడైతే చెయ్యి లేవగానే ఒళ్లు దానంతటదే తప్పుకుంటుందట, నాటకం చెడిపోతుందట. పెర్సీ ఉంటాడా అని అడగమన్నాడు.

ఉంటాడని చెప్పాను.

నీ చెల్లి,
హిల్డా