సౌనాలో రెండో రౌటర్

చిరంజీవి ఆర్వోను దీవించి నాన్న రాస్తున్నది.

నీ ఉత్తరం మంగళవారం గని విమానంలో వచ్చిన సంచితో చేరింది. క్యాంపులో చలి కాస్త వెనక్కి తగ్గిందనీ, నీ దగ్గు నయమైందనీ చదివి అమ్మ స్థిమితపడింది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగిపోయాను. ఆ అందరిలో ఇద్దరు తక్కువ, కోడలు కొలెట్, పాప. కాబట్టి అమ్మా నేనూ క్షేమం అని మాత్రం రాస్తున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. నీ ట్రక్కును వారానికోసారి స్టార్ట్ చేస్తున్నాను, బ్యాటరీకి ఢోకా లేదు. సరస్సు మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది గానీ ఒడ్డున నీళ్లు కనిపిస్తున్నాయి, చేపలకు వెళ్లడం మానేశాను. అమ్మ చేసిన యాలకుల పుల్లా రొట్టె ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాం, అందరికీ పంచిపెట్టి నీకు లేకుండా చేసుకోకు. నా గుండె బాగానే కొట్టుకుంటోంది. స్టెంట్ వేసిన డాక్టరు సౌనా ఆవిరి వేడి తగ్గించమన్నాడు, హాకీ చూస్తూ అరవొద్దన్నాడు, రెండూ పాటిస్తున్నానా అని అడిగావు. పాటించలేదు. ఈ ఉత్తరం అంతా అక్కడే మొదలవుతుంది.

చివర్లో ఇంకోటి అడిగావు. "కొలెట్ వెళ్లిన దగ్గర్నుంచి నెట్ ఒక్కసారీ పోలేదని అమ్మ రాసింది. అయితే నువ్వన్నదే నిజం కదా నాన్నా?" అని. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావేమో. ఫోన్‌లో అయితే నువ్వు పర్లేదులే అంటావు, నేను ఆ మాట పట్టుకుని బయటపడతాను. నన్ను నేను ఎరుగుదును.

జరిగింది మొదటి నుంచీ చెబుతాను. నువ్వు గనికి వెళ్లాక కొలెట్ సాయంత్రాల షిఫ్టు తీసుకుంది కదా, ఆసుపత్రికి ఫ్రెంచి భాషలో వచ్చే ఫోన్లకు మన ఇంట్లోంచే జవాబివ్వడం. ఫిబ్రవరి నుంచి ఆ పిల్లకు నరకం మొదలైంది. విరామంలో లాప్‌టాప్ మూసి మళ్లీ తెరిస్తే వై-ఫై ఉన్నట్టే చూపిస్తుంది, ఒక్క కాల్ కలవదు. అవతల ఎవరో జబ్బు మనిషి లైన్లో ఎదురుచూస్తుంటాడు. ఆఫీసు నుంచి ఒక హెచ్చరిక వచ్చింది, ఆ తర్వాత ఇంకోటి. రౌటర్ ఆపి మళ్లీ వేసింది, నెట్ కంపెనీ వాళ్లను పిలిచింది, వాళ్లు రౌటర్ పెట్టె మార్చి వెళ్లారు. ఏం చేసినా అంతే.

నేనేమో కాగితం మిల్లులో జీవితమంతా ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ని. సోఫాలో కూర్చుని, ఆ పిల్ల లాప్‌టాప్‌లో ఏవేవో పెట్టుకుని ఉంటుంది, ఊరికే నెట్ మీదకు తోస్తోంది అన్నాను. అమ్మ నమ్మింది. అదే నీకూ రాశాను.

కొలెట్ నాలాగా సోఫాలో కూర్చోలేదు. ఇంట్లో ప్రతి ఫోనుకూ, లాప్‌టాప్‌కూ రౌటర్ ఒక అంకెల చిరునామా ఇస్తుందట. కాల్స్ నడుస్తున్నప్పుడు ఒక రకం అంకెలు, ఆగిపోయినప్పుడు ఇంకో రకం అంకెలు ఉంటున్నాయని తనే కనిపెట్టింది. భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తిప్పి నాకు చూపించింది.

"మన రౌటర్ ఇచ్చే చిరునామా కాదిది మామయ్యా. ఇంట్లో ఇంకేదో కూడా చిరునామాలు పంచుతోంది. దాని మాట విన్నవన్నీ దారి లేని చోటికి పోతున్నాయి."

నేను బంగాళాదుంపలు కలుపుకుంటూ, మీ కాలం వస్తువులన్నీ ఇంతే అన్నాను. నిజం చెబితే ఆ క్షణానికి నాకూ తట్టలేదు. కావాలని చేసింది కాదు. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పనే లేదు.

పెరట్లో మన సౌనా, ఆవిరి స్నానాల గదికి ముందున్న బయటి గదిలో నీ పాత టీవీ ఉంది కదా. చలికాలం మధ్యలో, అమ్మకు తెలియకుండా, నేలమాళిగలో పడి ఉన్న నీ పాత రౌటర్ తీసుకెళ్లి అక్కడ పెట్టాను. ఇంటి నుంచి సౌనాకి నేను పాతిన గొట్టంలోంచి కేబుల్ లాగి దాని వెనక చేతికందిన రంధ్రంలో గుచ్చాను. మొదట టీవీకి ఏమీ రాలేదు. టీవీలో అంకెలు చేత్తో కొట్టి ఎలాగో తెప్పించాను. ఎందుకు రాలేదో ఆలోచించలేదు, ఆట మొదలవుతోంది మరి. రౌటర్‌కి కరెంటు సౌనా లైటు స్విచ్చు నుంచే. కట్టెలు పేర్చి వస్తానని అమ్మతో చెప్పి వెళ్లేవాణ్ని, లైటు వేసి పొయ్యి రాజేసేవాణ్ని. నేను అక్కడ హాయిగా చెమటోడ్చినప్పుడల్లా ఇక్కడ నీ భార్య లైన్ తెగిపోయేది.

హాకీ ప్లేఆఫ్స్ మొదలైన వారంలో ఒక సాయంత్రం కొలెట్ పెరటి మంచులో నడిచి వచ్చింది. నేను లోపల బెంచీ మీద తువ్వాలు చుట్టుకుని ఉన్నాను. తలుపు తెరవలేదు, మర్యాద తెలిసిన పిల్ల. బయటి నుంచే అడిగింది.

"మామయ్యా, మీరు సౌనాకి వచ్చినప్పుడే నాకు పోతోంది. ఇక్కడ ఏదైనా తగిలించారా?"

అప్పుడు తట్టింది ఆర్వో. తలలో దీపం వెలిగినట్టు మొత్తం అర్థమైంది, ఇంట్లో రెండో చిరునామాలు పంచుతున్నది నేను పెట్టిన పాత రౌటరే. లేదమ్మా, ఏమీ లేదు అన్నాను.

సౌనాలో అబద్ధం ఆడకూడదని నీకు నేర్పింది నేనే. నాకు మా నాన్న నేర్పాడు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి నువ్వు ఇంట్లో ఒప్పుకోలేదు, శనివారం సౌనాలో ఆ బెంచీ మీదే కూర్చుని ఒప్పుకున్నావు. నేను అక్కడ కూర్చునే అబద్ధమాడాను. అమ్మ చీవాట్లు పెడుతుందన్న భయం ఒకటి. మిల్లు ఎలక్ట్రీషియన్ కేబుల్ తప్పుగా గుచ్చాడని కోడలి ముందు తేలిపోతుందన్న సిగ్గు ఇంకోటి. ఆట అయ్యాక చప్పుడు లేకుండా పీకేద్దాంలే, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

ఆ సాయంత్రం తన కాల్స్ మళ్లీ ఆగాయి. ఆఫీసు వాళ్లు షిఫ్టులు ఇవ్వడం మానేశారు. మర్నాడు నువ్వు ఫోన్ చేసి, మా నాన్న ఊరికే అనడు అని తనమీద అరిచావు. గోడ అవతల నాకు వినిపించింది.  కొలెట్ బట్టలు సర్దుకుని, పాపను తీసుకుని నిపిగన్ ఊళ్లో తన అక్క ఇంటికి వెళ్లిపోయింది. నేను బ్యాగులు కారులో పెట్టడానికి సాయం చేశాను. సిగ్గులేని చేతులు.

వాళ్లు వెళ్లాక పాత రౌటర్ పీకేశాను. నెట్ గడియారంలా నడిచింది. చూశారా, అమ్మాయి వెళ్లగానే ఎలా బాగైందో అని అమ్మ అంది. నాతో అనడమే కాదు, నీకూ రాసింది. నా తప్పు దిద్దుకుంటే అది ఆ పిల్ల మీద సాక్ష్యమైంది. నేను కాఫీ తాగుతూ విన్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇక తట్టుకోలేకపోయాను. నోటితో చెప్పే ధైర్యం రాలేదు. రౌటర్ మళ్లీ గుచ్చి, సౌనా లైటు వేసి వచ్చి, అమ్మను టాబ్లెట్ ఒకసారి ఆపి మళ్లీ వేయమన్నాను. రెండోసారికి తెర మీద ఏమీ రాలేదు. అమ్మ టాబ్లెట్ వైపు చూసింది, కిటికీలోంచి సౌనా లైటు చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది. ఇన్నేళ్ల కాపురంలో అలా ఎప్పుడూ చూడలేదు.

"కోటు వేసుకో" అంది. అంతే.

అటునుంచి అటే కారులో నిపిగన్ వెళ్లాం. కొలెట్ అక్క మమ్మల్ని వంటగదిలో కూర్చోబెట్టింది. పాప వచ్చి నా ఒళ్లో ఎక్కింది, అది ఇంకా కష్టమైంది. ఇప్పుడు నీకు రాసిందంతా అక్కడ చెప్పాను. కొలెట్ చివరిదాకా విని, పాత రౌటర్‌ని పారేయక్కర్లేదనీ, అది చిరునామాలు పంచడం ఆపేసే చోటు ఒకటుంటుందనీ, ఆపితే రెండూ సర్దుకుంటాయనీ చెప్పింది. ఆ తర్వాత అసలు మాట అంది.

"మీరు అబద్ధమాడారని కాదు మామయ్యా నా ఏడుపు. మీరు చెప్పగానే ఆయన నమ్మేశారు. ఏమైంది కొలెట్ అని నన్ను ఒక్కసారి అడగలేదు."

ఇంటికి రమ్మని అమ్మ బతిమాలింది. మీరు పిలిస్తే రాను అత్తయ్యా, ఆయన అడిగితే ఆలోచిస్తాను అంది. ఉద్యోగానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారట, దొరుకుతుందో లేదో తెలియదు. నేను వాళ్ల ఆఫీసుకు రాసిస్తానంటే వద్దంది.

బాబూ, నేను చెబితే చాలు, ఇంకెవరినీ అడగక్కర్లేదని నిన్ను పెంచాను. దానికి గర్వపడుతూ వచ్చాను. నాకు జవాబు రాయొద్దు, తిట్టడానికైనా సరే. ముందు కొలెట్‌కి ఫోన్ చెయ్యి. నాన్న ఇలా రాశాడని మొదలుపెట్టకు. ఏమైంది అని అడుగు, తెలియనట్టే అడుగు, తను చెప్పేదంతా విను. నేను ఎక్కడైనా నా తప్పు తగ్గించి రాశానేమో అప్పుడు నీకే తెలుస్తుంది.

సౌనా లైటు ఆర్పి ఉంచాం. మీరు ముగ్గురూ వచ్చేదాకా పొయ్యి రాజేయనని అమ్మతో చెప్పాను. నిజమో కాదో చూస్తాను అంది.

ఇట్లు,
ఇక మీద అడిగి తెలుసుకున్నాకే నమ్మాల్సిన
మీ నాన్న
రెయినో