ఉయ్యాల బల్ల మీద రోబో

శుక్రవారం రాత్రి, నరసాపురం

నిలబడింది! నా రెండు చక్రాల రోబో ఇవాళ సాయంత్రం హాల్లో నిటారుగా నిలబడింది. ఇన్నాళ్లూ ఆన్ చేసి కింద పెట్టగానే ఒక పక్కకు ఒరిగి పడిపోతుంటే, ఎటు ఒరుగుతోందో కనిపెట్టే జైరో సెన్సర్‌దే తప్పని తిట్టుకుంటూ కొత్తది తెప్పించి మార్చాను. అయినా పడింది. రేపేమో నేను పాఠాలు చెప్పే స్కూల్లో సైన్స్ ప్రదర్శన.

"పోనీ, పిల్లలకి బొమ్మ గీసి చూపించెయ్," అన్నారు ఆయన. ఒళ్లు మండిపోయింది.

అలవాటు ప్రకారం ఉయ్యాల బల్ల మీద కూర్చుని, రోబోను ఒళ్లో పెట్టుకుని ఆన్ చేయబోయాను. అదే బల్ల మీద నా పక్కన లేసు అల్లుకుంటున్న అత్తయ్య విసుక్కున్నారు.

"అమ్మాయ్, కాసేపు ఊపకు. నా అల్లిక తప్పిపోతోంది."

కాలు నేలకు ఆనించి ఉయ్యాల ఆపాను. రోబోను ఆన్ చేసి కింద పెట్టాను. పడలేదు!

అప్పుడు వెలిగింది నాకు. ఆన్ చేసిన మొదటి క్షణాల్లో ఎలా ఉంటే అదే కదలిక లేని స్థితి అని సెన్సర్ గుర్తుపెట్టుకుంటుంది. నేనేమో రోజూ ఊగుతూ ఆన్ చేసి, ఊగడమే నిలకడ అని దానికి నేర్పాను. పాపం, అది ఒక్కనాడూ అబద్ధమాడలేదు.

అత్తయ్య లేసు సూదితో దాన్ని పొడిచి చూశారు. వెనక్కి వాలి, మళ్లీ సర్దుకుని నిలబడింది.

"మొండిఘటమేనే!" అని నవ్వారు. ఆయన్ని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను.

రేపు దీన్ని ఆన్ చేసేటప్పుడు నా ఆరో తరగతి పిల్లలంతా ప్రదర్శన బల్ల మీద పడతారు. ఒక్క క్షణం బల్ల కదపకుండా ఉండటం వాళ్ల వల్ల అవుతుందా... ఇన్నాళ్లూ నా వల్లే కాలేదు.