చిన్నోడి ఊపిరి

ఏవండీ, చిన్నోణ్ణి తీసుకుని బస్టాండు వెనకాల పిల్లల ఆస్పత్రికి వెళ్తున్నాను. మీ ప్రెస్సుకి ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తే నాథుడు లేడు. ఇది చూడగానే చెప్పులు కూడా విప్పకుండా వచ్చేయండి. వాడి దుప్పటి, టీకాల కార్డు తీసుకురండి. పెద్దదాన్ని కింది వాటాలో కుట్టుమిషను పిన్నిగారి దగ్గర వదిలాను. అన్నం ఆవిడే పెడతానన్నారు.

పొయ్యి మీదున్న అల్లం కషాయం పారబోయండి. తాగించింది తాగించినట్టే కక్కేశాడు. తేనె నాకించాను, ఆవిరి పట్టాను, ఛాతీకి కాపడం పెట్టాను. మీరు చెప్పినవాటిలో ఒక్కటీ వదల్లేదు. బడీ వద్దు, ఆస్పత్రీ వద్దు, పిల్లలకి అన్నీ ఇంట్లోనే అన్నారు. సరేనని నేనూ తలూపాను.

ఇందాక పెద్దది వాడి చొక్కా ఎత్తి చూసి అడిగింది: "అమ్మా, గాలి పీలిస్తే రొమ్ము బెలూనులా ఉబ్బుతుందని నాన్న పాఠం చెప్పాడుగా. మరి తమ్ముడికి పక్కటెముకల కింద గుంట పడుతోందేంటి?" చూడగానే వాణ్ణి భుజాన వేసుకుని లేచాను. దగ్గేగా అనుకుంటూ పొద్దుట్నుంచీ వాడి పక్కనే కూర్చున్నానండీ.

మీ కోపం సంగతి తర్వాత చూసుకుందాం, ముందు మీరు రండి. ఒక్కదాన్నీ ఉండలేను.

అన్నట్టు, గోడ మీది బోర్డు తుడవకండి. ఊపిరితిత్తులని మీరు గీసిన బొమ్మ అలాగే ఉంది. పాఠం పెద్దదానికి వచ్చింది. మనకే రాలేదు.