చీర కట్టిన వేప

జూలై 4, 2024
ప్రాజెక్టుకు నాకు గిద్దలూరు రోడ్డు ఇచ్చారు. అంటే మా మార్కాపురంలోదే. అర్బన్ ఫారెస్ట్రీ చదువుతున్నానంటే నాయన ఇప్పటికీ దుకాణంలో అందరి ముందూ నవ్వుతాడు. ఊళ్లో చెట్లకు డిగ్రీ ఏంది, అడివి ఆడనే ఉంది గదా అంటాడు. నవ్వితే నవ్వనీ. రోడ్డు పక్కన ఏ చెట్టు నిలుస్తుందో, ఏది కూలుతుందో నేను చెప్పాలి. నేను రాసిందే మున్సిపాలిటీకి వెళుతుంది.

జూలై 5, శుక్రవారం
బస్టాపు దగ్గర పెద్ద వేప. మొదలుకు ఎర్ర చీర చుట్టి ఉంది. కింద టీ అమ్మే గురమ్మ కూతురు శ్రీశైలమ్మ కాన్పులో పోయిందట. పోయి, పూజలందుకునే పేరంటాలై ఈ చెట్టులోకి వచ్చిందట. శుక్రవారం శుక్రవారం గురమ్మ తొర్రలో దీపం పెడుతుంది.
కొయ్య సుత్తితో మొదలు కొట్టి విన్నాను. డొల్ల. ఇంకోసారి కొట్టబోతే, బిడ్డను అట్ల కొట్టబాకమ్మా అంది గురమ్మ. సుత్తి సంచిలో పెట్టేశాను.

జూలై 6
తొర్రలో చెయ్యి పెడితే భుజం దాకా వెళ్లింది. బయటికి తీస్తే అంతా మసి. పురుగు కాదు, తెగులు కాదు. ఏళ్ల తరబడి ఆ దీపమే లోపల చేవనంతా తినేసింది. ఈ మాట ఆమెకెలా చెప్పను?

జూలై 9
చెప్పలేదు.

జూలై 11
ప్రాజెక్టు గైడ్ మల్లికార్జునరావు సార్‌కు ఫోన్ చేశాను. రిపోర్టులో సెంటిమెంటుకు కాలమ్ లేదమ్మా అన్నారు. నిజమే. స్కూలు పిల్లలు బస్సు కోసం నిలబడేది ఆ కొమ్మల కిందే. హై రిస్క్, రిమూవ్ అని రాశాను. రాసి ఏడ్చాను.

జూలై 23
కొట్టేశారు. రంపం ఆగినప్పుడల్లా గురమ్మ కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. చెట్టు పడ్డాక లోపలి మసి చూసి, ఎవరు కాల్చినారమ్మా అని నన్నే అడిగింది. తెలియదన్నాను.
ఆమె నా చెయ్యి పట్టుకుంది. లోపలికి చెయ్యి పెట్టింది నువ్వే గదా, నా బిడ్డ ఇప్పుడు యాడుందో నీకే తెలియాల అంది. కోపంగా కాదు. అదే భయంగా ఉంది.

జూలై 24
అన్నం సయించడం లేదు. అమ్మ తలుపు తడితే ఉలిక్కిపడ్డాను.

జూలై 26, శుక్రవారం
పొద్దున్నే గురమ్మ మా ఇంటికి వచ్చింది. వాకిట్లో నన్ను కూర్చోబెట్టి, శ్రీశైలమ్మా అంటూ నా పాదాలకు పసుపు రాసింది.
నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.