‘నకలు’ సినిమా చూసినవాళ్ళు

హనుమకొండ,
ఆదివారం

అమ్మా,

నేను, వినయ్‌ని. ఉత్తరం చూసి కంగారు పడకు, నాకేమీ కాలేదు. ఫోనులో మనం "తిన్నవా" అంటే "తిన్న" దగ్గరే ఆగిపోతాం. ఈ సంగతి అంతకంటే పొడుగు, అందుకే కాగితం తీశాను. అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక తీరిగ్గా చదువు.

మా సినిమా విడుదలైంది. పేరు ‘నకలు’ అని నీకు తెలుసు కానీ కథ ఎప్పుడూ చెప్పలేదు. ఒక తల్లికి రఘు అని ఒక్కడే కొడుకు. ప్రమాదంలో చనిపోతాడు. ఒక శాస్త్రవేత్త రఘు వెంట్రుక నుంచి అచ్చం అలాంటి మనిషినే తయారుచేసి ఆ తల్లికి అప్పగిస్తాడు. దీన్నే క్లోనింగ్ అంటారు. వచ్చినవాడికి తాను నకలునని తెలుసు. అయినా రఘులాగా నడవడం, రఘులాగా అన్నం కలుపుకోవడం నేర్చుకుంటాడు. తల్లి తన మొహంలో రఘునే వెతుక్కుంటున్నదని చివరికి అర్థమై, ఒక పొద్దున చెప్పకుండా ఇల్లు వదిలి పోతాడు. ఇదీ కథ. రెండు వేషాలూ నేనే వేశాను. కెమెరా స్రవంతి పట్టింది. కాలేజీలో నాతో చదివిన స్రవంతి, ఒకసారి మనింటికి వచ్చి నువ్వు చేసిన సర్వపిండి అడిగి మరీ పెట్టించుకున్నది, గుర్తుండే ఉంటుంది. తల్లి వేషం వర్ధన్నపేటలో నాటకాలాడే ఒక పెద్దామె వేసింది.

శాస్త్రవేత్త ప్రయోగశాల కట్టే స్తోమత మాకు లేదు. మార్కెట్ దగ్గర మిర్చి బస్తాలు దాచే ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళు ఒక పూటకు గది ఇచ్చారు. పాత నీళ్ళ ట్యాంకుకు వెండి కాగితం చుట్టి, నీలం లైటు వేస్తే, ఆ చలి పొగలో నిజంగానే వేరే లోకంలాగా కనిపించింది. ఒక్కటే మేం ఆలోచించలేదు. ఆ గది నిండా మిరప ఘాటు. ట్యాంకు మూత తెరుచుకుని నేను మొదటిసారి కళ్ళు తెరిచే సీనులో నాకు తుమ్ము ఆగలేదు. నన్ను చూసి శాస్త్రవేత్త తుమ్మాడు. ఎన్నిసార్లు తీసినా అంతే. ఉన్నవాటిలో కాస్త మంచిది ఏరి పెట్టాం.

మొదటి రోజు ఉదయం ఆటకు హాలు సగం నిండింది. నేనూ స్రవంతీ గోడకు ఆనుకుని వెనక నిలబడ్డాం. తుమ్ము వచ్చేదాకా అందరూ కళ్ళప్పగించి చూశారు. ఆ తర్వాత ముందు వరసలోంచి ఎవరో, "పుట్టంగనే సర్దైందిరా వీనికి" అన్నారు. హాలంతా నవ్వు. అక్కణ్నుంచి ఏడుపు సీను వస్తే చాలు, ఎవరో ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. తల్లి ఆ నకలు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకునే చోట, నేను రాసుకున్నవాటిలో నాకు చాలా ఇష్టమైన చోట, ఒక వరస వరసంతా కలిసి తుమ్మింది. పోదాం పద అన్నాను స్రవంతితో. చివరిదాకా ఎవరుంటారో చూద్దాం, ఆగు అన్నది.

ఆట అయ్యాక బయట నిలబడ్డాను. ఒకాయన లైటింగు బాగుందని భుజం తట్టాడు. కాలేజీ పిల్లలు సెల్ఫీ అడిగి, తుమ్మమన్నారు. అందరూ పోయాక ఒక ముసలామె వచ్చింది. మార్కెట్‌లో ఉల్లిగడ్డలు అమ్ముతుందట, పేరు మల్లక్క.

"బిడ్డా, ఆ దవాఖాన ఏడున్నది?" అని అడిగింది.

అది సినిమా కోసం పెట్టిన సెట్టింగని చెప్పాను. ఆమె నమ్మలేదు. మనవడు చిన్నతనంలోనే పోయాడట. వాని అంగీలు ఇంకా పెట్టెలో ఉన్నాయని, వెతికితే వెంట్రుక దొరుకుతుందని అన్నది. అలాంటి మిషను ఎక్కడా లేదని ఎన్ని రకాలుగా చెప్పానో. ఆమె, "ఉన్నా ఏం జేస్తది తియ్యి. అచ్చినోడు నన్ను గుర్తువట్టద్దా" అని, చెంగు సర్దుకుని ఆటో ఎక్కింది. నవ్వినవాళ్ళందరినీ మరిచిపోగలను కానీ ఆమెను మరిచిపోలేకపోతున్నాను.

ఒక్కటే కోరిక. నువ్వు ఈ సినిమా చూడొద్దు. నాన్నను కూడా చూడనివ్వకు. కారణం ఇంకోసారి రాస్తాను.

నీ కొడుకు,
వినయ్


హనుమకొండ,
గురువారం

అమ్మకు,

కారణం రాస్తానన్నాను కదా. రాయకుండా తప్పించుకుందామనే చూశాను.

హాలులో సినిమా తీసేశారు. స్రవంతి దాన్ని యూట్యూబులో పెట్టింది. ఇప్పుడు ఊరు మొత్తం చూస్తున్నది, సినిమాను కాదు, తుమ్మును. ఆ ముక్కను కత్తిరించి డప్పు దరువు జోడించి ఎవరో వదిలారు. కింద మాటలు చదివితే నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది. ‘క్లోనుకు జర మిరియాల కషాయం తాగించుండ్రి’ అని ఒకరు. ‘నీళ్ళ ట్యాంకుల మనుషులు పుడితే మా మిద్దె మీద గూడ ఒకటున్నది’ అని ఇంకొకరు. మొన్న ఒక పెళ్ళికి వీడియో తీయడానికి పోతే, పెళ్ళికూతురి తమ్ముడు నన్ను గుర్తుపట్టి తుమ్మాడు. పందిరి కింద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కెమెరా వెనక ఉంటే మొహం దాచుకోవడానికి వీలుంటుంది.

అన్నిటి మధ్యన ఒకటి మాత్రం నన్ను పట్టుకున్నది. పేరు లేని మనిషెవరో ఇలా రాశారు: ‘నేను కవలల్లో మిగిలినవాణ్ణి. ఈ సినిమా తీసినవానికి సంగతి తెలుసు.’

అవునమ్మా, తెలుసు. రఘు కథ అని అందరికీ చెప్పాను కానీ అది భరత్ కథ, నా కథ. దవాఖానలో పక్కపక్క మంచాల మీద ఇద్దరం ఒకే జ్వరంతో పడుకున్నాం. నేను లేచి ఇంటికి వచ్చాను, వాడు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా గడ్డం పట్టుకుని, "భరత్ ఏడికి వోయిండు, గీ మొకంలనే ఉన్నడు" అన్నారు. వాళ్ళు నీకు ధైర్యం చెప్పడానికే అన్నారు. కానీ ఆ మొహం నాదని ఎవరికీ తోచలేదు.

నువ్వు నన్ను చూడటం మానేశావు. నేను గడపలో అడుగుపెడితే చాలు, నా వైపు ఒక్క క్షణం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయేదానివి. ఒకనాడు మబ్బు పట్టింది. వాకిట్లో దండెం దగ్గర నిలబడి, "భరత్, బట్టలు తియ్యిరా, వాన వడతాంది" అన్నావు. నేను వెనక నుంచి వచ్చి "తీస్తున్న" అన్నాను. నువ్వు తిరిగి నన్ను చూసి అక్కడే కూలబడి ఏడ్చావు. ఆ రోజే నాకు అర్థమైంది, మనింట్లో నేను నకలునని. వాడిలాగా ఉండాలా, వాడిలాగా లేకుండా ఉండాలా తేల్చుకోలేక హాస్టల్లో చేరాను. అప్పటి నుంచి మరిపెడకు పొద్దున వచ్చి, మధ్యాహ్నం అన్నం తిని బస్సెక్కుతున్నాను. పనుందని చెప్పేవాణ్ణి. ఏ పనీ ఉండేది కాదు.

ఈ సినిమా చూస్తే నీకే తెలుస్తుందని తీశాను. తీరా తయారయ్యాక నువ్వు చూస్తావేమోనని భయపడ్డాను. ఇప్పుడది అందరికీ వేళాకోళమైంది. ఒక విధంగా మంచిదే.

హైదరాబాదులో పెళ్ళి వీడియోలు తీసే ఒక పెద్ద కంపెనీ పిలిచింది. సోమవారం చేరుతున్నాను. ఇక సినిమాలు తీయను. ఈసారి భరత్ తిథికి కూడా రాను. ఆ రోజు పటంలో ఒక మొహం, ఎదురుగా అదే మొహం నువ్వు చూడలేవు. సినిమాలో వాడు చెప్పకుండా పోయాడు. నేను చెప్పి పోతున్నాను.

నన్ను తప్పుగా అనుకోకు.

వినయ్


మరిపెడ,
శనివారం

నా వినయ్‌కు,

అమ్మ రాస్తున్నది. నీ రెండో ఉత్తరం ఇప్పుడే అందింది. దీన్ని పోస్టులో వేస్తే సోమవారం లోపల అందదని, మీ నాన్న చేతికే ఇచ్చి బస్సెక్కిస్తున్నాను. పంక్చర్ షాపు ఒక్క పూట మూస్తే ఏమీ కాదన్నాడు. చదివేదాకా ఆయన్ను కూర్చోబెట్టుకో, చాయ తాగించు.

ముందు ఒక మాట చెప్పాలి. చూడొద్దని నువ్వు రాసేసరికే నేను సినిమా చూసేశాను. స్రవంతి ఫోన్ చేసి రమ్మన్నది. నీకు చెబితే రానివ్వవని కూడా చెప్పింది. రెండో రోజు మీ నాన్నా నేనూ వచ్చాం. నువ్వు గేటు దగ్గర నిలబడి ఉన్నావు. ఆయన తువ్వాలు తలకు చుట్టుకున్నాడు, నేను కొంగు కప్పుకున్నాను. గుంపులో కలిసి నీ పక్కనుంచే లోపలికి పోయాం. ఎంత చిక్కిపోయావురా.

తుమ్ము దగ్గర మీ నాన్న నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. భరత్ పోయినాక ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. మొదట నాకు కోపం వచ్చింది, తర్వాత నాకూ నవ్వు ఆగలేదు. మా వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు కూర్చున్నారు. తల్లి ఏడుస్తుంటే ఒకడు, "గీ అమ్మ ఓవర్ జేస్తాంది" అన్నాడు. నేను వెనక్కి తిరిగి, "దీనికన్న ఎక్కువనే ఉంటది, బాబూ" అన్నాను. వాడు ఆట అయ్యాక దారి ఇస్తూ, "సారీ ఆంటీ" అన్నాడు. వాళ్ళు నవ్వారని నువ్వు చిన్నబోయావు. నేను చూసింది చెప్తున్నాను, నవ్వినవాళ్ళలో ఒక్కరూ మధ్యలో లేచి పోలేదు. ఆ కొడుకు ఇల్లు వదిలిపోయేటప్పుడు హాలులో చప్పుడు లేదు. నీ దగ్గరకు వద్దామనుకున్నాను. అంతమందిలో ఏడుస్తానేమోనని భయమేసి పక్క దారిలో బయటికి వచ్చేశాను.

కానీ నీ సినిమాలో ఒక తప్పుంది. ఆ తల్లి వచ్చినవాణ్ణి కొడుకే అనుకుంటుంది. ఏ తల్లీ అట్లా అనుకోదు. మీరిద్దరూ నెలల పిల్లలుగా ఉన్నప్పుడు చీకట్లో చెయ్యి పెట్టి చూసినా ఎవరు ఎవరో నాకు తెలిసేది. భరత్ పిడికిలి బిగించి పడుకునేవాడు, నువ్వు నా కొంగు దొరికేదాకా కాళ్ళు తన్నుకునేవాడివి. వాడికి బెల్లం, నీకు కారం. నకలు అంటున్నావు కదా, వాడికంటే ముందు పుట్టింది నువ్వు. మరిచిపోయావా?

దండెం దగ్గర సంగతి రాశావు. ఆ రోజు నువ్వు వెనక ఉన్నావని నాకు తెలియదు. నేను పిలిచింది వాణ్ణే. అప్పట్లో ఎవరూ లేనప్పుడు వాడితో మాట్లాడేదాన్ని, బట్టలు తియ్యమనేదాన్ని, బియ్యం చెరగంగ చాట పట్టుకోమనేదాన్ని. పిలిస్తే జవాబు రాదని తెలిసి పిలిచేదాన్ని. ఆ రోజు జవాబు వచ్చింది. నా పిచ్చి నా కొడుకు చూసేశాడని ఏడ్చాను. నిన్ను వాడనుకుని కాదురా.

వంటింట్లోకి ఎందుకు పోయేదాన్నో మీ నాన్నకు కూడా చెప్పలేదు. దవాఖానలో తెల్లవారుజామున జ్వరం దిగి నీ ఒళ్ళు చల్లబడింది. డాక్టరమ్మ నీ చెయ్యి పట్టుకుని, వీడు బతికాడని చెప్పింది. ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషంలో ఉండగానే పక్క మంచం దగ్గరకు అందరూ పరుగెత్తారు. తర్వాత ఇంట్లో నిన్ను చూసినప్పుడల్లా నాకు అదే సంతోషం వచ్చేది. నా వినయ్ ఉన్నాడు, నడుస్తున్నాడు, ఆకలైందంటున్నాడు అని. ఎదురుగా గోడ మీద భరత్ పటం. వాని ముందు నిలబడి సంతోషపడటానికి నాకు మనసొప్పేది కాదు. నా మొహం నీకు కనబడకుండా పొయ్యి దగ్గరకు పోయేదాన్ని. అక్కడ నేను ఎప్పుడూ ఏడవలేదు. నువ్వున్నావని దండం పెట్టుకునేదాన్ని. నువ్వు దాన్ని ఇంకో విధంగా మోసుకుని తిరుగుతున్నావని నాకేం తెలుసు? తెలిసుంటే హాస్టలుకు పంపేదాన్నా?

ఇంకో సంగతి విను. మా అంగన్‌వాడీకి సింధు అనే అమ్మాయి తన కవల ఆడపిల్లలను తెస్తుంది. ఇద్దరికీ ఒకే రకం గౌను, ఒకే రకం రిబ్బను. ఊరంతా ఇద్దరినీ కలిపి ‘జంట’ అనే పిలుస్తుంది. నేను కూడా అట్లాగే పిలిచేదాన్ని. నీ సినిమా ఆమె ఫోనులో చూసిందట, మా అబ్బాయి తీసినదని తెలియకుండానే. నిన్న ఒక పిల్లకు పచ్చ గౌను, ఇంకో పిల్లకు ఎర్ర లంగా వేసి తీసుకొచ్చింది. "టీచరమ్మా, ఇగ వీళ్ళను ఎవరి పేరు వెట్టి వాళ్ళను పిలువుండ్రి. పెద్దది రమ్య, చిన్నది కావ్య" అన్నది. ఎందుకని అడిగితే, ఒక సినిమా చూశానని, అందులో తుమ్ము ఒకటి ఉంటుంది కానీ అది నవ్వే సినిమా కాదని, నాకే కథంతా చెప్పుకొచ్చింది. ఆమె చెప్తుంటే నేను అది నా కొడుకే తీశాడని అనలేదు. ఇంకాసేపు వినాలనిపించింది.

హైదరాబాదు పోతే పో. ఉద్యోగం చేసుకోవడం మంచిదే. కానీ మా కంటికి కనబడకుండా పోవడానికి మాత్రం పోకు. సినిమాలు తీయనన్నావు, అది నీ ఇష్టం. నాకైతే ఇంకొకటి చూడాలని ఉంది. అందులో తల్లికి కొంచెం తెలివి పెట్టు.

తిథికి నువ్వు రావాలి. వాని పటం ముందు నా పక్కన కూర్చోవాలి. ఆ మర్నాడు సాయంత్రం బస్టాండు దగ్గర ఫంక్షన్ హాలులో నీ సినిమా వేయిస్తున్నాను. నిన్న అడిగితే హాలు నడిపే రాంప్రసాద్ సేటు తెర ఇస్తానన్నాడు. సింధు అప్పుడే వాడకట్టంతా చెప్పి వచ్చింది. మనవాళ్ళు కూడా నవ్వుతారు, నవ్వనీ. సినిమా అయ్యాక దీన్ని తీసిందెవరని అడుగుతారు కదా. అప్పుడు నేను లేచి మైకు తీసుకుంటాను. పెద్ద మాటలేవీ మాట్లాడను. "వీడు మా వినయ్" అని చెప్తాను.

నీ రాక కోసం చూస్తూ,
అమ్మ
విజయలక్ష్మి