ట్రయల్ వేయని చొక్కా

ప్రియమైన పుల్లగాడికి,

క్షేమంగా చేరావని మరదలు ఫోన్ చేసింది. నీకు మాత్రం ఉత్తరమే రాస్తున్నా. ఫోన్లో అయితే అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెబుతావు.

అమ్మ పోయాక ఇక్కడున్నన్నాళ్లూ కుర్చీలు మోశావు, వచ్చినవాళ్లకి టీలిచ్చావు, ఎప్పటినుంచో కారుతున్న కుళాయి కూడా బాగుచేశావు. కంట తడి మాత్రం లేదు. ఏడవాలని రూలేం లేదులే. కానీ అమ్మ నీకోసం కుట్టిన నీలిగళ్ల చొక్కా మంచం మీదే ఉంది. మర్చిపోయావా, వదిలేశావా?

అమ్మ టైలరు షాపు సర్దుతున్నా. కస్టమర్లు ఒక్కొక్కరే వచ్చి బట్టలు తీసుకెళ్తున్నారు. నేనేమీ చెప్పకుండానే ప్రతివాళ్లూ తొడుక్కుని, అద్దం ముందు చేతులు పైకెత్తి, స్టూలు మీద కూర్చుని, గట్టిగా ఊపిరి పీలుస్తున్నారు. ట్రయల్ వేయించకుండా అమ్మ ఎవరికైనా బట్ట ఇచ్చిందా! చివర్లో వీపు మీద ఒక్కటిచ్చి "సరిపోయింది, ఇక వెళ్లిరా" అనేది కదా, ఇప్పుడు ఆ డ్యూటీ నాది. నిన్న పెద్ద లాయరుగారి వీపు కూడా చరిచాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

నీ చొక్కా పంపనా?

నీ పెత్తందారు
అక్క

*

ప్రియమైన పెత్తందారు అక్కకు,

పంపకు. సన్నగా ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చేయి.

మర్చిపోలేదు. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు వేసుకుని చూశా. పొట్ట దగ్గర గుండీ ఒకవైపు, కాజా ఒకవైపు. ఎంత బిగపట్టినా కలవవు. మనిద్దరికీ అమ్మ ఏనాడూ టేపు పట్టలేదు. గుమ్మంలో అడుగుపెడుతుంటే ఒక చూపు చూసి కత్తెర తీసేది, వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. అలాంటిది ఆఖరి చొక్కా తప్పింది.

ఎందుకు తప్పిందో నాకు తెలుసు. కిందటిసారి వచ్చినప్పుడు నన్ను చూసి "పుల్లా, ఇవాళ కాలేజీ లేదా?" అంది, గుర్తుందా? నలభై దాటిన లిఫ్టు మెకానిక్కుని పట్టుకుని! అప్పుడు నవ్వేశాం. ఆ చొక్కా అచ్చంగా ఆ కాలేజీ పుల్లగాడి కొలత. ఆవిడకి వాడే గుర్తున్నాడు, నేను లేను. నేనెవరో తెలియని అమ్మకి వెళ్లిరమ్మని ఎలా చెప్పను? నోరు రాలేదు, కన్నీళ్లూ రాలేదు.

నీ తమ్ముడు

*

ప్రియమైన మొద్దు తమ్ముడికి,

పైగుండీ పెట్టి చూశావా? చూసుండవు. పొట్ట దగ్గరే ఆగిపోయుంటావు.

నువ్వు ఇక్కడ ఆరేసి మర్చిపోయిన తెల్లచొక్కాని దీని పక్కన పరిచి చూశా. కాలరు సమానం. భుజాలు సమానం. కాలేజీలో నీ మెడ కొంగమెడ కదరా, ఈ కాలరులో అలాంటివి రెండు మెడలు పట్టేవి. తిరగేసి చూద్దును కదా, రెండు పక్కలా లోపల గుడ్డ దండిగా మడిచి ఉంది. కుట్టు మిషను కుట్టు కాదు. లాగితే ఊడొచ్చేలా చేత్తో పొడుగ్గా వేసిన ట్రయల్ దారం. చిన్నప్పుడు నేను లాగుతానంటే నేను లాగుతానని మనం కొట్టుకునేవాళ్లమే, అదే. కాలరు, భుజాలు, తర్వాత పెంచడానికి కుదరనివన్నీ ఇప్పటి నీ కొలతకే కోసింది.

మరి పక్కలు ఎందుకు బిగించినట్టు? పక్క షాపులో ఇస్త్రీ చేసే ఆయన చెప్పాడు. "ఇస్త్రీకి ఇమ్మంటే అమ్మగారు ఇవ్వలేదమ్మా. 'మావాడు తిండి తగ్గించాడట, నడుం సన్నబడిందట! వచ్చి నా ముందు నిలబడితే కదా తెలిసేది, అప్పుడు వదులు చేస్తా' అని ఒకటే నవ్వు."

ఫోన్లో ఆవిడకి ఏం కోతలు కోశావురా? నీ మాటకి తగ్గట్టు పక్కలు కుట్టింది, నీ పొట్టకి తగ్గట్టు గుడ్డ వదిలింది. నోరు తడబడితే తడబడింది గానీ చెయ్యి తడబడలేదు. నిన్ను చూసింది, నిన్నే చూసింది.

చొక్కా పంపుతున్నా. దారం నేను ముట్టుకోలేదు. అది నీ వంతు.

నీ
అక్క

*

ప్రియమైన అక్కకు,

దారం ఒక్క లాగుకి వచ్చేసింది. చాలాసేపు వేలికి చుట్టుకుని కూర్చున్నా.

నీ మరదలు గుండుసూదులు పెట్టింది, కుట్టు నేనే వేశా. వంకరటింకరగా వచ్చింది. అమ్మ చూస్తే మొత్తం విప్పించి మళ్లీ కుట్టించేది. లోపల ఇంకా కాస్త గుడ్డ మిగిలింది. అంటే ఇంకా లావవుతానని కూడా లెక్కేసిందన్నమాట! కోతలంటావా, నిజంగానే తగ్గుదామనుకున్నా, ఇక్కడి హోటళ్లు తగ్గనివ్వలేదు.

గుండీలన్నీ పెట్టుకున్నా. చేతులు పైకెత్తా. వంటింటి స్టూలు మీద కూర్చున్నా. గట్టిగా ఊపిరి పీల్చా. అది వదలబోతే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఇల్లంతా వినబడేట్టు ఏడ్చా, ఏడ్చాక ఎంత హాయిగా ఉందో. నీ మేనకోడలు పరుగెత్తుకొచ్చి "చొక్కా బిగుతైందా నాన్నా?" అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది. లేదని తలూపి, వీపు తిప్పి ఒక్కటి చరవమన్నా. గట్టిగానే చరిచింది.

తర్వాతి మాట నేనే అన్నాను అక్కా, గోడమీద అమ్మ ఫోటో ముందు నిలబడి.

"సరిపోయిందమ్మా. ఇక వెళ్లిరా."

నీ
పుల్ల