తొక్కే కాలు

చిత్తూరు, సోమవారం

నాయనా, ఒంట్లో బాగానే ఉంది, గుండెలోనే దడ. ఫోన్‌లో చెబితే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

పోయిన మా సలోమి టీచరు జ్ఞాపకార్థం వచ్చే ఆదివారం చర్చిలో ఆర్గన్ కచేరీ. వాయించేది నేనే. కాళ్లతో తొక్కితేనే గాలి నిండి పలికే పాత ఆర్గన్ అది. నేను బెదిరినప్పుడల్లా టీచరు పక్కన కూర్చుని తానే తొక్కేవారు. "నువ్వు వేళ్లు సూసుకో పాపా, గాలి సంగతి నేను సూసుకుంటా" అనేవారు. నిన్న సాధనలో బెదిరి, అలవాటుకొద్దీ కాళ్లు ఆపేశాను. పాట సగంలో ఆగిపోయింది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? తోటలో మామిడికాయ కోశారా? అవ్వకు దండాలు.

నా తెల్లచీర తీసుకుని నువ్వే రా. గుడికొచ్చినట్టే చెప్పులు బయట విడిచి, ముందు వరుసలో కూర్చుని, ఆర్గన్ తొక్కుతున్నట్టు కాలు ఆడిస్తూ ఉండు. అది కనబడకపోతే నా కాళ్లు మళ్లీ ఆవిడ కోసం ఆగిపోతాయి.

మోహన